రెండు బొమ్మల ఆలస్యం

టీవీ మీద కప్పిన దుప్పటిని ఆదివారం పొద్దెక్కినా ఎవరూ తీయలేదు.

తీద్దామని నాయనమ్మ రెండుసార్లు లేచింది. రెండుసార్లూ వంటగది వైపు చూసి మళ్ళీ కూలబడింది. వంటగదిలో అమ్మ గిన్నెలు తోముతోంది. ఆ ఇంట్లో వాన వస్తుందో రాదో ఆకాశం చూడక్కర్లేదు, గిన్నెల చప్పుడు వింటే చాలు. ఇవాళ పిడుగులే.

"నా టీవీ ఏం పాపం చేసిందో!" అంది నాయనమ్మ గోడతో.

"మీ టీవీ ఏం చేయలేదు అత్తయ్యా. దాంట్లో బొమ్మలు గీసే మీ మనవరాలిని అడగండి," అని వంటగదిలోంచి జవాబు వచ్చింది.

మనవరాలు గుమ్మం దగ్గర ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో కాలు ఎటు వేయాలో తెలియక నిలబడి ఉంది. ఇంట్లోనూ బయటా అందరూ గువ్వ అనే పిలుస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండినా ఆ పేరు పోలేదు. పోయేలా ఆమె ఏనాడూ నోరు విప్పలేదు. చుట్టాలు ఏం చదువుతున్నావని అడిగినా, డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగినా అమ్మే జవాబు చెప్పేది.

"దానికి అంత నోరుంటే ఇంకేం! నువ్వే చెప్పు," అంది నాయనమ్మ. "నిన్న నేను కాస్త కునుకు తీశానో లేదో తల్లీకూతుళ్ళు తగువుపడ్డారు. లేచేసరికి టీవీకి ముసుగు. మీ ఆయన చూస్తే లారీ ఎక్కి పదిరోజులాయె. నాకెవరు చెప్తారు?"

అమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. తుడుచుకోవడం అయిపోయాక కూడా ఎడమ చేతిని తువ్వాలు కిందే ఉంచుకుంది.

"నిన్న మా సూపర్‌వైజరు కూతుర్ని లాండ్రీకి వెంటబెట్టుకొచ్చాడు. ఏడేళ్ళ పిల్ల. మా రోలరు వెనకాల బుద్ధిగానే నిలబడింది. నిలబడి నిలబడి, 'నాన్నా! ఈ ఆంటీ వేలు టీవీలో ఇస్త్రీ అవ్వ వేలులాగే లేటుగా తెరుచుకుంటోంది!' అని ఒక్క కేక పెట్టింది. అందరూ పని ఆపి నా చెయ్యి చూశారు. పన్నెండేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నా, నా మొహాన్ని కూడా ఎవరూ అంతసేపు చూడలేదు."

నాయనమ్మకు నవ్వొచ్చింది. కోడలి మొహం చూసి మింగేసింది.

"పిల్ల మాట ఎవడు పట్టించుకుంటాడే?"

"వాడు పట్టించుకున్నాడు. రేపు షిఫ్టు మొదలయ్యే ముందే వచ్చి రోలరు దగ్గర చెయ్యి చూపించాలట. ఇంకో తమాషా వినండి. మీ అమ్మాయినీ తీసుకురండి, మా పాపకి అవ్వ బొమ్మ గీసిస్తుంది అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే."

అమ్మ పనిచేసేది పెద్ద లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు అక్కడికే వస్తాయి. తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో కొన పట్టుకుని, ముడత లేకుండా సాగదీసి, అంచును కదిలే పట్టీ మీద పెట్టి వదలాలి. పట్టీ దాన్ని కాలే రోలరులోకి లాక్కుపోతుంది. పట్టుకోవడం ఎవరైనా పట్టుకుంటారు, వదలడమే పని అనేది అమ్మ.

మూడేళ్ళ కిందట అమ్మ ఎడమచేతి ఉంగరపు వేలు బట్టల బండి తలుపులో నలిగింది. వాపు తగ్గింది గానీ లోపల ఏదో ముడి ఉండిపోయింది. వేలు అన్నిటితోపాటే మూసుకుంటుంది. తెరుచుకోవడం మాత్రం అన్నిటి తర్వాత. ఈ సంగతి అమ్మ పనిలో ఎవరికీ చెప్పలేదు. చేతిలో లోపం ఉన్నవాళ్ళను రోలరు దగ్గర ఉంచరు. కింద మాసిన బట్టల గదికి పంపుతారు. అక్కడ ఖాళీ లేకపోతే ఇంటికే. అక్కడ ఇప్పుడు ఖాళీ లేదు.

"ఐదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయా ఏమిటి?" అంది నాయనమ్మ.

"ఉండవు. కానీ నా ఉంగరపు వేలు ఊరంతా చూడాలా?"

గువ్వ రెండో కాలు కూడా చెప్పులో పెట్టింది.

"వెళ్ళు," అంది అమ్మ. "ఇవాళ కూడా పనుందిగా. వెళ్ళి మీవాళ్ళకి చెప్పి ఆ వేలు మార్పించు. నా చెయ్యి నీకేం ద్రోహం చేసిందే? నీకు అన్నం పెట్టిన చెయ్యి, జడలల్లిన చెయ్యి. దాన్నే దొరికించుకున్నావా వీధిలో పెట్టడానికి?"

గువ్వ గుమ్మం దాటింది. మెట్లు దిగేసరికి వెనక గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

గువ్వ పనిచేసే స్టూడియో అంటే సైకిళ్ళ దుకాణం మీద రెండు గదులు. అక్కడ తీసేది యానిమే, అంటే జపాను తరహా బొమ్మల సీరియల్. పదహారేళ్ళ పిల్ల ఒక ఇస్త్రీ దుకాణంలో పనికి చేరి, వారానికో పని నేర్చుకుంటూ పెద్దదవడం కథ. రాక్షసులు లేరు, యుద్ధాలు లేవు. కాలర్ మాడ్చకుండా ఇస్త్రీ చేయడమే ఒక వారమంతా సాగింది. అయినా జనం కన్నార్పకుండా చూస్తున్నారు. ముఖ్యంగా ఆ పిల్లకి పని నేర్పే ఇస్త్రీ అవ్వను.

కదలికకు మొదటి బొమ్మ, చివరి బొమ్మ గీసేది పెద్దవాళ్ళు. వాటి నడుమ బొమ్మలు గీసేది గువ్వ లాంటివాళ్ళు. అవ్వ చెయ్యి మూసుకున్నది ఒక బొమ్మ, తెరుచుకున్నది ఒక బొమ్మ. మధ్యలో ఏం జరిగిందో గువ్వ గీయాలి. కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీద కాగితం పైన కాగితం పెట్టి, ఒక్కో గీతా జరుపుతూ.

మొదటి, చివరి బొమ్మల్ని అక్కడ 'కీ' బొమ్మలంటారు, అవి గీసే ఆవిడను అందరూ కీ అక్క అంటారు. ఆవిడ జుట్టులో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది. దాన్నే బల్లంతా వెతుక్కుంటూ ఉంటుంది.

"అక్కా."

"ఊఁ. నా పెన్సిల్ చూశావా?"

"జుట్టులో ఉంది. అక్కా, ఇస్త్రీ అవ్వ వేలు మార్చొచ్చా?"

కీ అక్క కుర్చీ తిప్పింది. ఎనిమిది నెలల్లో గువ్వ తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

"మార్చడమా? తొమ్మిది భాగాలు వెళ్ళిపోయాయి. ఆ వేలు గురించి ఎన్ని ఉత్తరాలొస్తున్నాయో తెలుసా? ఒకాయన మన గీతలో తప్పుందని ఎర్ర సిరాతో దిద్ది మరీ పంపాడు. నేనూ మొదట తప్పనే అనుకున్నా కదా. నిన్ను పిలిచి తిట్టబోతుంటే డైరెక్టరు ఆ కాగితాలు పదిసార్లు తిరగేసి, 'ఉండనీ, ఈవిడ నిజంగా పనిచేసిన మనిషి' అన్నాడు. గుర్తుందా?"

గువ్వ తలూపింది.

"ఎవరి చెయ్యి అది?"

"మా అమ్మది."

"అమ్మని అడిగే గీశావా?"

గువ్వ తల అడ్డంగా ఊపింది.

"అమ్మ చెయ్యి అనుకుని గీయలేదక్కా. చెయ్యంటే అలాగే తెరుచుకుంటుంది అనుకున్నా. నేను దగ్గరగా చూసిన చెయ్యి అదొక్కటే."

కీ అక్క సొరుగులోంచి పాత కాగితాల కట్ట తీసి, వేళ్ళ మధ్య పట్టుకుని టపటపా తిరగేసింది. కాగితాల మీద అవ్వ చెయ్యి తెరుచుకుంది. నాలుగు వేళ్ళు మూడో బొమ్మకే విచ్చుకున్నాయి. ఉంగరపు వేలు ఐదో బొమ్మకి.

"రెండు బొమ్మల ఆలస్యం," అంది కీ అక్క. "అలా కాదులే. ఇది ఆలస్యం కాలేదు, ఆ నాలుగూ తొందరపడ్డాయి. అవి కూడా ఐదో బొమ్మ దాకా ఆగితే ఎవరికీ తేడా తెలియదు. కావాలంటే పదో భాగం నుంచి అలా దిద్దు. కానీ చెయ్యి జీవం లేకుండా తయారవుతుంది, ముందే చెప్తున్నా."

గువ్వ ఆ కాగితాలనే చూస్తూ ఉండిపోయింది. ఆమె ఆలోచన పదో భాగం మీద లేదు.

మధ్యాహ్నం పని కాగానే ఇంటికి బయల్దేరింది. దారంతా ఎడమ చేయి మూస్తూ తెరుస్తూ నడిచింది. బస్టాపులో ఒక పెద్దాయన తనకే చెయ్యి ఊపుతోందనుకుని తిరిగి ఊపాడు. గువ్వ సిగ్గుతో చచ్చిపోయి తరవాతి స్టాపు దాకా నడిచే వెళ్ళింది.

ఇంట్లోకి రాగానే టీవీ మీది దుప్పటి లాగేసింది.

"హమ్మయ్య!" అంది నాయనమ్మ.

"టీవీకి కాదు నాయనమ్మా. నువ్వు ఇలా రా. నువ్వు రోలరువి."

"నేనా?"

"బల్లకి అటువైపు కూర్చుని దుప్పటి మెల్లగా లాగాలి. అమ్మా, నువ్వు ఇటు."

అమ్మ మంచం మీదనుంచి లేవలేదు. "మార్చారా వేలు?"

"వాళ్ళు మార్చరు. మనమే మారుద్దాం."

"ఏంటే, డాక్టరు చదువు కూడా చదివావా ఇవాళ?"

"చెయ్యి ఇవ్వు," అంది గువ్వ. అమ్మ ఇవ్వలేదు. గువ్వ అక్కడే చెయ్యి చాపుకుని నిలబడింది. చివరికి నాయనమ్మే, "ఇచ్చేయవే తల్లీ, నా నడుం పడిపోతోంది ఈ బల్ల దగ్గర," అంది.

అమ్మ లేచి వచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.

"ఆ వేలిని తొందరపెట్టకు. మిగతా నాలుగిటినీ దానికోసం ఆపు. నేను ఒకటి నుంచి ఐదు లెక్కపెడతా. ఐదుకి అన్నీ ఒకేసారి వదలాలి. ఒకటి... రెండు..."

మూడుకే నాలుగు వేళ్ళు విచ్చుకున్నాయి.

"ఆపమంటే ఆగవే అవి! పన్నెండేళ్ళ అలవాటు."

"మళ్ళీ."

"పొద్దున్నే నా చేతిని వీధిలో పెట్టావని తిట్టాను. ఇప్పుడు దానికే పాఠాలు చెప్తున్నావు."

"మళ్ళీ అమ్మా. ఒకటి..."

పదోసారికి నాలుగు వేళ్ళూ కాస్త ఆగడం నేర్చుకున్నాయి. ఇరవయ్యోసారికి ఐదూ కలిశాయి. చెయ్యి పువ్వు విచ్చినట్టు ఒక్కసారిగా తెరుచుకుంది. అమ్మ తన చేతినే ఎవరిదో చేయిలా చూసుకుంది.

"నొప్పిగా ఉందా?" అంది గువ్వ.

"నొప్పేం లేదు. మాట వినదు, అంతే. నీలాగే. మొదటి పిలుపుకి ఎన్నడూ పలకదు."

అని నవ్వింది. నిన్న సాయంత్రం తరవాత అదే మొదటి నవ్వు. గువ్వ కూడా నవ్వింది. ఇద్దరూ నవ్వుతుంటే నాయనమ్మకు ఉత్సాహం వచ్చింది.

"ఇదిగో, రోలరు జోరందుకుంది!" అని దుప్పటిని గట్టిగా లాగింది.

దుప్పటి జర్రున పోయింది. అమ్మ నాలుగు వేళ్ళు వదిలాయి. ఉంగరపు వేలు వదల్లేదు. దాంతోపాటు చెయ్యి, చేతితోపాటు అమ్మ ఒక అడుగు ముందుకు తూలి బల్ల అంచుకు గుద్దుకుంది.

"అయ్యో, దెబ్బ తగిలిందా?"

"ఏం లేదు అత్తయ్యా. మా రోలరు మీ అంత దుడుకుది కాదు. నాది మూడో రోలరు, ముసలిది. మీకంటే నెమ్మది," అంది అమ్మ, ఇంకా నవ్వుతూనే.

నాయనమ్మా నవ్వింది. గువ్వ మాత్రం బల్ల అంచునే చూస్తోంది.

సోమవారం పొద్దున లాండ్రీలో ఆవిరి ఇంకా పట్టలేదు. గోడల మీద తడి, నేల మీద తడి, గాలిలో సబ్బు వాసన. మూడు రోలర్లూ వరసగా తిరుగుతున్నాయి. సూపర్‌వైజరు లావుపాటి మనిషి, జేబులో నాలుగు పెన్నులు. గువ్వ ఊహించుకున్నట్టు రాక్షసుడిలా లేడు. పక్కన కూతురు ఉంది, తెల్ల కాగితం, రంగు పెన్సిళ్ళు పట్టుకుని.

"నువ్వేనా అమ్మా బొమ్మలు గీసేది? మా ఇంట్లో వారం వారం అన్నం ఆ సీరియల్ ముందే. పాప నిద్రే పోలేదు రాత్రి."

గువ్వ నేల చూసింది.

"దానికి కొంచెం మొహమాటం సార్," అని అలవాటుగా అమ్మే అంది.

"మీరేం అనుకోకండమ్మా. రోలరు దగ్గర చెయ్యి అంటే ఆటలు కాదు కదా. ఏదైనా అయితే నేను మీ ఇంటికొచ్చి ఏం మొహం చూపించను? ఒక్క నాలుగు దుప్పట్లు వేసి చూపించండి, చాలు."

అమ్మ మూడో రోలరు ముందు నిలబడింది. జోడీ ఆవిడ రెండో కొన అందుకుంది. సాగదీశారు, అంచు పెట్టారు. గువ్వ పెదవుల లోపలే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. చెయ్యి తెరుచుకుంది. ఐదు వేళ్ళూ ఒక్కసారే.

మళ్ళీ అలాగే. నాలుగు దుప్పట్లు ముడత లేకుండా వెళ్ళిపోయాయి.

"ఇంకేం!" అన్నాడు సూపర్‌వైజరు. "చిన్నపిల్ల మాట పట్టుకుని మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను. బాగుంది చెయ్యి." ఒక పెన్ను తీసి కాగితం మీద ఏదో రాశాడు. "నిజం చెప్తే నాకూ కలిసొచ్చింది. మొదటి రోలరు దగ్గరావిడ పని మానేసింది. చేతులు బాగున్నవాళ్ళలో అనుభవం మీకే ఎక్కువ. రేపట్నుంచి మీరు అక్కడ."

గువ్వ మొదటి రోలరు వైపు చూసింది.

అది కొత్తది. రాత్రి షిఫ్టు వాళ్ళు ఇంకా దాని మీద దుప్పట్లు వేస్తున్నారు. పట్టీ మీద పెట్టిన అంచు కంటికి ఆనేలోపే లోపలికి పోతోంది. బొమ్మలు లెక్కపెట్టే కన్ను తనకు తెలియకుండానే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంచు రోలరు కింద ఉంది. ఐదుకి చోటు లేదు.

మళ్ళీ చూసింది. మళ్ళీ నాలుగే.

అమ్మ కూడా అటే చూస్తోంది. అమ్మ పెదవులు మెల్లగా కదులుతున్నాయి. నాలుగు దగ్గర ఆగిపోయాయి.

"సరే సార్," అంది అమ్మ.

పాప గువ్వ చెయ్యి పట్టుకుని లాగింది. "అక్కా, బొమ్మ! అవ్వ దుప్పటి పట్టుకున్నట్టు."

గువ్వ బట్టల బుట్ట మీద కాగితం పెట్టి గీయడం మొదలుపెట్టింది. జుట్టు ముడి, కళ్ళజోడు, మోచెయ్యి. చేతి దగ్గరికి వచ్చి పెన్సిల్ ఆగింది.

"ఆంటీ వేలు బాగైపోయిందా?" అని పాప గువ్వ చెవిలో అడిగింది. గుసగుస అనుకుంది గానీ ఆ గుసగుస గదంతా వినిపించింది. "మొన్న ఒక్క వేలే లేటు. ఇవాళ అన్ని వేళ్ళూ లేటు."

సూపర్‌వైజరు పకపకా నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగింది. పెన్ను మూత తిప్పుతూ గువ్వ వైపు చూశాడు.

"ఏమ్మా, చూసే కన్ను నీది. నువ్వు చెప్పు. ఏం అంటోంది మా పాప?"

గువ్వ అలవాటు ప్రకారం ఆగింది. ఇలాంటప్పుడు అమ్మ జవాబు చెప్తుంది. ఎప్పుడూ చెప్తుంది. అమ్మ తడి దుప్పటి అంచు పట్టుకుని నిలబడి ఉంది. ఏమీ చెప్పలేదు.

మొదటి రోలరు ఇంకో దుప్పటిని లాక్కుంది. నాలుగే.

"బాగాలేదు సార్," అంది గువ్వ.

పెన్సిల్ కింద పెట్టింది. అక్కడితో ఆపలేదు.

"ఒక వేలు రెండు బొమ్మలు ఆలస్యం. మూడో రోలరు దగ్గర సరిపోతుంది. మొదటిదాంట్లో ఆ రెండిటికీ చోటు లేదు. నిన్న నేనే నేర్పాను సార్, తేడా ఎవరికీ తెలియకుండా వదలడం. తప్పు నాది."

జోడీ ఆవిడ చేతిలోని కొన జారిపోయింది. ఎవరూ వంగి తీయలేదు. పాప తండ్రి మొహం, గువ్వ మొహం మార్చి మార్చి చూసింది.

అమ్మ ఎడమ చేతిని పైకి ఎత్తి, అందరి ముందూ తెరిచింది. నాలుగు వేళ్ళు ముందు. ఒకటి తరవాత. ఈసారి దేన్నీ ఆపలేదు.

సూపర్‌వైజరు రాసిన కాగితం మీదనుంచి పెన్ను తీశాడు. రాసింది కొట్టేయలేదు, కాగితం జేబులోనూ పెట్టుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. ఎవరిని అడిగాడో తెలియలేదు.

గువ్వ తల ఎత్తింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి అమ్మ తన నోటి వైపు చూస్తోంది. మిగతాది కూడా నువ్వే చెప్పేయ్ అంటోందో, ఇక ఒక్క మాట మాట్లాడావంటే చూడు అంటోందో గువ్వకు అంతుపట్టలేదు.